పదిహేడు నుంచి ఇరవై రెండు దాకా

పుష్యమి కార్తె, సోమవారం

ఇవాళ చీటీ తీశాం. జరిగింది జరిగినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను.

పొద్దున మిద్దె మీద మంచు పట్టడానికి కట్టిన వలలు పిండితే చెంబుడు నీళ్ళు కూడా రాలేదు. ఉన్నవాటితోనే ముఖం తుడుచుకుని చీటీ తీసే వానకొట్టానికి వెళ్ళాను. అప్పటికే దాని ముందున్న మైదానం నిండిపోయింది. నలభై రెండు వానమడుల నుంచీ జనం వచ్చారు. ఒక్కో మడి కింద పదీ పన్నెండు ఊళ్ళుంటాయి. సముద్రం మీద నుంచి గాలిఓడలు తోలుకొచ్చే మబ్బులు ఆరు మడులకే సరిపోతాయి. ఏడాదికి నాలుగుసార్లే తోలకం. ఎవరికి వాన, ఎవరికి ఎండ అన్నది గాజు పీపాలోని కొయ్యబంతులు తేలుస్తాయి. యంత్రం చెప్పిన అంకెను నమ్మే మనిషి ఈ సీమలో ఇప్పుడెవరూ లేరు. అందుకే అందరి కళ్ళ ముందు, చేత్తో తీస్తాం. పీపా తిప్పి, వచ్చిన అంకెను బిగ్గరగా చదవడం నా పని. నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఇదే చేస్తున్నాను.

ఈసారి బంతులు తీయడానికి జనంలోంచి తొమ్మిదో మడి ముసలమ్మను పిలిచాం. కళ్ళకు గంతలు కట్టాం. మొదట పంతొమ్మిది వచ్చింది. ఆ మడి వాళ్ళు కేకలు వేశారు. తర్వాత ఇరవై రెండు. అది మా అమ్మాయి చిత్రావతి కాపురం ఉన్న మడి. నాకు లోపల సంతోషం పొంగింది. పైకి కనపడనీయలేదు. మూడోది పదిహేడు. నాలుగోది ఇరవై. అప్పుడు ముందు వరుసలో ఎవరో వేళ్ళు లెక్కపెట్టుకోవడం చూశాను. అయిదోది పద్దెనిమిది.

"ఇంక ఇరవై ఒకటి రావాల," అని వెనక నుంచి ఒకాయన నవ్వుతూ అన్నాడు. ఇంకో నలుగురు నవ్వారు. ముసలమ్మ చెయ్యి పీపాలో చాలాసేపు తడుముకుంది. తీసి నాకిచ్చింది.

ఇరవై ఒకటి.

బంతిని తలకిందులుగా పట్టుకున్నానేమో అనుకుని తిప్పి చూశాను. అదే. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. చంటిపిల్లలు అంకెలు వల్లించినట్టు. నేను చదవకముందే నా ముఖం చూసి జనానికి తెలిసిపోయింది. ఒక్కరూ కేక వేయలేదు. గెలిచినవాళ్ళు కూడా వేయలేదు.

మంగళవారం

దొంగ చీటీ అన్న మాట రాత్రికి రాత్రే అన్ని మడులకూ పాకింది.

అయిదో మడి ఎర్రిస్వామి నిన్నటి నుంచీ వానకొట్టం వదిలి వెళ్ళలేదు. ఇరవై ఒకటి వచ్చిన క్షణాన వేదిక ఎక్కి, పీపా పక్కన కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట. ఆయన వేరుశనగ చేను మూడు వంతులు మాడిపోయింది. ఆ మడికి నాలుగేళ్ళుగా వాన చీటీ తగల్లేదు. మనిషి చెడ్డవాడు కాదు. నోటికి మాత్రం అడ్డూ ఆపూ ఉండదు. నన్ను చూడగానే అందరూ వినేలా అడిగాడు.

"ఓబుళమ్మా, నీ కూతురు ఏ మడిలో ఉండాది?"

దాచడానికేముంది? ఇరవై రెండు అన్నాను.

"అదీ సంగతి. బిడ్డకు వాన తోలుకున్యావు. ఒక్క మడి తెచ్చుకుంటే కనపడుతుందని, పక్కన ఇంకో అయిదు కలుపుకున్యావు."

కలుపుకునేదాన్నయితే ఇంత కంటికి కనపడేలా వరసగా పేర్చుకుంటానా అని అడిగాను. జవాబు జనమిచ్చారు: తెలివిమీరినవాళ్ళు అట్లనే చేస్తారట.

సభ పెద్ద భీమలింగప్ప అందరినీ కూర్చోబెట్టి, నన్ను లెక్క చెప్పమన్నాడు. చెప్పాను. నలభై రెండు బంతుల్లోంచి ఆరింటిని తీస్తే యాభై రెండు లక్షల పైచిలుకు రకాలుగా రావచ్చు. వాటిలో ఆరూ వరసగా పడేవి ముప్పై ఏడే. అంటే మనలా ఏడాదికి నాలుగుసార్లు తీసేవాళ్ళు ముప్పై అయిదు వేల ఏళ్ళు తీస్తే ఒక్కసారి కనపడాలి.

ఈ మాట అనగానే జనం ఒక్కసారిగా గోల చేశారు. నేరం నేనే ఒప్పుకున్నట్టయింది. తర్వాతి సగం ఎవరూ వినిపించుకోలేదు. ఆ సగమే అసలైనది. పోయినసారి వచ్చిన ఆరు అంకెలూ ఇంతే అరుదు. యాభై రెండు లక్షల్లో ఒకటే. అవి చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి వాటికి పేరు పెట్టలేదు, ఆశ్చర్యపోలేదు. బంతులకు తమ మీద ఏం రాసుందో తెలియదు. ఈ మాటలు నేను గొంతు చించుకుని చెప్పాను. ముందు వరుసలో ఉన్న భీమలింగప్ప కూడా తల పక్కకు తిప్పుకున్నాడు.

చివరికి బంతులు పగలగొట్టి చూడాలని తీర్మానించారు. గొడ్డలి ఎర్రిస్వామి చేతికే ఇచ్చారు.

బుధవారం

నలభై రెండు బంతులూ చీలికలయ్యాయి. సీసం లేదు, ఇనుము లేదు, బోలు లేదు. చీల్చే ముందు ఒక్కోటీ తూచారు. అన్నీ ఒక్క బరువే. ఎర్రిస్వామి చివరి బంతి చీలికలు రెండు చేతుల్లో పట్టుకుని, వాటి వంక తెల్లబోయి చూస్తూ నిలబడ్డాడు. మోసం దొరికి ఉంటే ఆయనకు ఊరట కలిగేది. దొరకకపోవడం ఆయన్ను భయపెట్టింది. నిజం చెప్పాలంటే నన్నూ భయపెట్టింది. లెక్క తెలిసిన నేను కూడా, పీపాలో బంతులు వేసేటప్పుడు నా చెయ్యి ఎక్కడైనా తప్పు పోయిందా అని వెనక్కి వెనక్కి తలచుకుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం తోలకం నాయకుడు హుసేనప్ప సముద్రం మీద నుంచి రేడియోలో మాట్లాడాడు. శనివారానికి మబ్బులు తెస్తున్నానన్నాడు. ఎప్పుడూ ఆరు గుంపుల ఓడలను ఆరు దిక్కులకు చీల్చి పంపడం ఆయనకు పెద్ద ప్రయాస. ఈసారి ఆ బాధ లేదని సంబరపడ్డాడు.

"ఎర్రవంక పట్టుకుని పైనుంచి కిందికి ఒకే గీత మీద వచ్చేస్తాము ఓబక్కా. ఇట్ల వరసన ఎప్పుడూ తోలింది లేదు. ఒక్క పూటలో అయిపోతాది."

రేడియో కట్టేశాక ఆ మాట చెవిలో ఉండిపోయింది. ఎర్రవంక పట్టుకుని పైనుంచి కిందికి. గోడ మీద మడుల పటం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మడులకు అంకెలు వేసినవాళ్ళు ఎర్రవంక అనే ఈ ఎండిన వాగు వెంట నడుస్తూ వేశారు. పదిహేడో మడి కొండ మీద వంక పుట్టే చోటు. దాని కింద పద్దెనిమిది. అలా దిగుతూ దిగుతూ ఇరవై రెండు. ఆ ఆరు మడుల నేల మీద పడిన ప్రతి చుక్కా ఎర్రవంకలోకే రావాలి. ఎర్రవంక వెళ్ళి ఆగేది ఇరవై రెండో మడిలోని పెద్దచెరువులో.

ఆ చెరువులో నీళ్ళు చూసినవాళ్ళు ఇప్పుడు బతికి లేరు. గట్టి నేల, మూడు వైపులా కట్ట, గాలి తగలదు. అందుకని రెండేళ్ళ కిందట మూడు వందల కుటుంబాలు చెరువు గర్భంలో ఇళ్ళు కట్టుకున్నాయి. మా చిత్ర ఇల్లు కట్ట వైపు నుంచి మూడో వీధి, అన్నిటికంటే పల్లంలో.

పై మడుల్లో ఒకదానికో రెండింటికో వాన పడితే వంకలోని ఇసుకే తాగేసేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆరింటికీ ఒకే పూట పడితే?

మూడు రోజులుగా ఊరంతా ఈ అంకెల గురించే మాట్లాడుతోంది. వాటి అర్థం ఏమిటో ఒక్కరమూ చూడలేదు.

గురువారం

పొద్దున్నే బండి కట్టించుకుని చెరువుకు పోయాను. వీధుల్లో పండగలా ఉంది. కుండలు, తొట్లు, గంగాళాలు బయటపెట్టి తోముతున్నారు. మా చిత్ర కూడా కొత్త తొట్టి కొని వాకిట్లో బోర్లించి పెట్టింది. నన్ను చూసి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి విషయం చెప్పాను. శనివారం ఒక్కరోజు కట్ట మీదికి వెళ్ళండి, సామాను కూడా తీసుకెళ్ళండి అన్నాను. మొదట నవ్వారు. తర్వాత కోప్పడ్డారు. కోనప్ప అనే పెద్దాయన నన్ను నిలదీశాడు. వాన చుక్క కోసం అల్లాడినవాళ్ళకు వాన వస్తే చస్తారని చెప్పడానికి నోరెట్లా వచ్చిందన్నాడు. ఎర్రిస్వామి మనుషులు బెదిరిస్తే, మేమే వాన వద్దని చెప్పాలని నువ్వు ఈ ఎత్తు వేశావన్నాడు. ఇళ్ళు వదిలి కట్టెక్కితే ఇంతలో ఆ స్థలాలు ఎవరాక్రమిస్తారో అని ఇంకొకావిడ గొణిగింది.

లోపలికి పోయాక చిత్ర తలుపు దగ్గరికి వేసి అడిగింది.

"అమ్మా, నువ్వు భయపడి చెప్తాండావా, నిజంగానే చెప్తాండావా?"

"నిజంగానే, తల్లీ."

"నీళ్ళు ఇంత ఎత్తు వస్తాయని చూపించగలవా?"

చూపించలేను. ఆ మాటే చెప్పాను. ఈ వంకలో ఆరు మడుల నీళ్ళు పారడం ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. ఊరంతా మమ్మల్ని దొంగల బంధువులంటున్నారు, ఇప్పుడు మేం ముందుగా ఇల్లు ఖాళీ చేస్తే ఇక్కడ కూడా మాకు చోటుండదు అంది చిత్ర. అన్నం పెట్టి పంపించింది.

శుక్రవారం

సభ ముందు నిలబడి రెండు కోరికలు కోరాను. ఆరింటిలో మూడు మడుల మబ్బులను వేరే మడులకు మళ్ళించండి, లేదా చెరువులోని జనాన్ని బలవంతంగానైనా కట్టెక్కించండి.

మొదటిదానికి భీమలింగప్ప ఒప్పుకోలేదు. తీసిన చీటీని మార్చే హక్కు ఎవరికీ లేదు. ఎంత పెద్దవాడైనా తనకు కావలసినట్టు తిప్పుకోకూడదని పెట్టిన కట్టుబాటు అది. దాన్ని రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రెండోదానికి కోనప్ప లేచాడు. ఇళ్ళ మీద చెయ్యి వేస్తే ఊరుకోమన్నాడు. హుసేనప్పను ఒక్కో గుంపును ఒక్కోరోజు తెమ్మందామా అని అడిగాను. తెచ్చిన మబ్బును పూట దాటి ఆపలేమని రేడియోలో ఆయనే చెప్పాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు, ఇప్పుడు నా కూతుర్ని సాకుగా పెట్టుకుని నేను తప్పించుకోవాలని చూస్తున్నానని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు.

అప్పుడు భీమలింగప్ప విసుగ్గా అన్నాడు. "మోసం జరిగిందని తేలితే తప్ప చీటీ రద్దు కాదు. జరగలేదని బంతులే చెప్పినాయి. ఇంక లేయండి."

ఆ క్షణంలో నాకు దారి కనపడింది. ఆలోచించుకుని చేశానని చెప్పలేను. లేచిన జనం గుమ్మం దాకా పోయారు.

"జరిగింది," అన్నాను. "మోసం నేనే చేసినా. మీరు పగలగొట్టినవి తర్వాత తెచ్చి పెట్టిన బంతులు. చీటీ తీసినవి వేరే."

గుమ్మం దాకా పోయినవాళ్ళు వెనక్కి తిరిగి వచ్చారు. భీమలింగప్ప నా వంక చూడలేకపోయాడు. మేమిద్దరం కలిసి పనిచేసినవాళ్ళం. ఆయన ఎర్రిస్వామి వైపు తిరిగాడు. నువ్వు పీపా పక్కన్నించి కదల్లేదు కదా, ఆమె బంతులు ఎట్లా మార్చింది అని అడిగాడు.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఎర్రిస్వామి నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు.

"తెల్లారగట్ల కునుకు పట్టింది," అన్నాడు.

అంతే. చీటీ రద్దయింది. నన్ను పక్క గదిలో ఉంచి తలుపు గడియ పెట్టారు. అప్పటికప్పుడు కొత్త బంతులు తెప్పించి, వేరే మనిషితో మళ్ళీ తీయించారు. గోడ అవతల నుంచి అన్నీ విన్నాను. నాలుగు. ముప్పై మూడు. పదమూడు. నలభై. ఇరవై ఒకటి. ఇరవై ఎనిమిది.

చివరి అంకె చదవగానే మైదానమంతా పెద్దగా నిట్టూర్చింది. కొందరు చప్పట్లు కొట్టారు. "ఇవీ అంకెలంటే" అని ఎవరో అనడం స్పష్టంగా వినపడింది. నేను గోడకు తల ఆనించుకుని ఉండిపోయాను. ఈ ఆరు అంకెలు కలిసి రావడం కూడా యాభై రెండు లక్షల్లో ఒకటే. సోమవారం వచ్చినదాని కంటే ఇది ఆవగింజంత కూడా సులువు కాదు. అయినా వాళ్ళకు గుండె కుదుటపడింది. మోసం జరిగిందని నమ్మినవాళ్ళు కనీసం కొత్త పీపా అయినా అడగలేదు.

సాయంత్రం నన్ను ఇంటికి వదిలాక అల్లుడు వచ్చి గుమ్మం బయటే నిలబడి, ఇకమీదట తమ గడప తొక్కవద్దని చిత్ర చెప్పమన్నదని చెప్పి వెళ్ళాడు. సభ తీర్పు కూడా అప్పటికే వచ్చింది. ఆదివారంలోగా నేను వానకొట్టం ఇల్లు ఖాళీ చేయాలి. మళ్ళీ ఈ సీమలో ఏ చీటీ దగ్గరా నిలబడకూడదు.

ఆదివారం

నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను. తూర్పున మబ్బులు చీలి ఆరు దిక్కులకు పోవడం కిటికీలోంచి చూశాను. పద్దెనిమిదో మడి రైతులు మా వాకిట్లో నిలబడి, తమ నోటి దగ్గర వాన లాక్కున్నానని శాపనార్థాలు పెట్టారు. వాళ్ళ మాట నిజమే. వాళ్ళకు తగిలింది మంచి చీటీ. వాళ్ళ వాన పోగొట్టింది నేనే. ఆ ఉసురు నాకు తగలదని నేను చెప్పుకోలేను.

ఇవాళ పొద్దున పెట్టె సర్దుకుంటుంటే ఎర్రిస్వామి వచ్చాడు. లోపలికి రమ్మనకముందే వచ్చి కింద కూర్చున్నాడు.

"నాకు కునుకు పట్టలేదు ఓబుళమ్మా," అన్నాడు. "రెండు రాత్రులూ రెప్ప వేయలేదు. పీపా మీద చెయ్యి తీయలేదు. నువ్వు బంతులు మార్చలేదని నాకంటే బాగా తెలిసినోళ్ళు లేరు."

మరి సభలో ఎందుకలా చెప్పావని అడిగాను.

"మళ్ళీ తీస్తే మా మడికి వస్తాదేమో అనుకున్నా. ఆశ. రాలేదు." మళ్ళీ తనే అడిగాడు. "నువ్వెందుకు చెప్పినావు?"

మొన్న సభలో చెప్పిందే మళ్ళీ చెప్పాను. చెరువు, వంక, ఆరు మడుల నీళ్ళు. ఈసారి ఆయన విన్నాడు. ఇంకా మాట్లాడుతుండగానే వాకిట్లో బండి ఆగింది. చిత్ర దిగింది. నడుము దాకా బురద. పసిదాన్ని భుజాన వేసుకుంది. వెనక అల్లుడు పరుపుచుట్టతో దిగాడు.

లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. జరిగింది చెప్పింది. ఇరవై ఒకటో మడి చెరువును ఆనుకునే ఉంది. ఇళ్ళు కట్టేటప్పుడు అక్కడి వంకలో ఇసుకంతా తోడేశారు, ఆ తర్వాత ఆ మడికి వాన పడడం ఇదే మొదలు. అక్కడ వాన మొదలైన గంటకు వంకలో చప్పుడు వినపడిందట. అందరూ సంతోషంతో చూడ్డానికి వెళ్ళారు. చూస్తుండగానే నీళ్ళు మొదటి వీధిలోకి వచ్చేశాయి. పల్లంలో ఉన్న వీధుల్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. జనమంతా పిల్లల్ని ఎత్తుకుని కట్టెక్కారు. ఎవరి ప్రాణమూ పోలేదు. కోనప్ప కట్ట మీద కూర్చుని, ఎవరు పలకరించినా మాట్లాడకుండా నీళ్ళనే చూస్తున్నాడట.

"ఒక్క మడి వానేనమ్మా," అంది చిత్ర. "ఒక్క మడికే మాకు నడుము దాకా వచ్చినాయి."

నేను వెళ్ళి పసిదాన్ని అందుకున్నాను.

ఎర్రిస్వామి లేచి నిలబడ్డాడు. ఇప్పుడే పోయి సభలో ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు. తన అబద్ధం కూడా ఒప్పుకుంటానన్నాడు. గుమ్మం దాటుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"చెప్పొద్దు. మంచి చీటీని ఒక్క అబద్ధంతో చెరిపేయొచ్చని తెలిసిపోతే, ఇంక ప్రతిసారీ ఎవరో ఒకరు అబద్ధం చెప్తారు. పీపా దగ్గరికి వచ్చేవాళ్ళే ఉండరు. చెరువులో ఇళ్ళు కట్టొద్దని చెప్పు, చాలు. దానికి సాక్ష్యం నీళ్ళే."

"మరి నీ పేరు?"

నేను పెట్టె మూత వేశాను. నేను జీవితాంతం దొంగగానే ఉండబోతున్నానని అప్పుడే చిత్రకు తెలిసింది. నిజానికి నాకు కూడా, చెప్పొద్దు అని నోటితో అన్నాకే తెలిసింది. శుక్రవారం అంత దూరం ఆలోచించలేదు.

ఇంటి తాళం భీమలింగప్ప మనిషికి అప్పగించి బయటికి వచ్చాం. మైదానం అంచున జనం కూడి ఉన్నారు. నేను పెట్టె ఎత్తుకోబోతే ఎర్రిస్వామి అడ్డం వచ్చి దాన్ని తన భుజానికి ఎత్తుకున్నాడు. పదిహేడో మడి మనిషి ఒకడు కేకేశాడు.

"ఏమప్పా ఎర్రిస్వామీ, దొంగదాని పెట్టె మోస్తాండావే?"

ఎర్రిస్వామి ముఖం ఎర్రబడింది. నోరు తెరవబోయాడు. నా వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. పెట్టెను ఇంకో భుజానికి మార్చుకుని, అందరి మధ్య నుంచీ బండి దాకా నడిచాడు. మేం ఆయన వెనకాలే నడిచాం.